హైదరాబాదు ఆటగాళ్లు, కలకత్తా జ్ఞాపకం

భారత ఫుట్‌బాల్‌లో 1951 నుంచి 1962 దాకా సాగిన కాలాన్ని స్వర్ణయుగం అంటారు. ఆ కాలపు జాతీయ జట్ల పట్టికలు తిరగేస్తే రెండు ఊళ్లు పదేపదే ఎదురవుతాయి: హైదరాబాదు, కలకత్తా. ఆటగాళ్లను తయారు చేయడంలో ఈ రెండూ సాటి. గుర్తుపెట్టుకోవడంలో మాత్రం వాటికి పోలికే లేదు. తులసీదాస్ బలరాం, మహమ్మద్ హబీబ్ ఆట ఎలా ఉండేదో కలకత్తా ఇళ్లలో తాతలు చెబితే మనవళ్లు విన్నారు. వాళ్లు పుట్టి పెరిగిన హైదరాబాదులో ఆ పేర్లు చాలామంది క్రీడాభిమానులకే తెలియవు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే, రెండు ఊళ్లలోనూ ఆటను మోసింది ఎవరో చూడాలి.

హైదరాబాదు ప్రాంతంలో ఫుట్‌బాల్ సికింద్రాబాదు కంటోన్మెంటు పటాలాలతో పాటు వచ్చింది. తిరుమలగిరి, బొల్లారం వైపు సిపాయిలు ఆడుతుంటే చుట్టుపక్కల పిల్లలు చూసి నేర్చుకున్నారు. నిజాం కొలువులో చేరిన అరబ్బు కుటుంబాలు స్థిరపడ్డ బార్కస్ కూడా ఫుట్‌బాల్ బస్తీగా పేరు తెచ్చుకుంది. ఇలా గల్లీల్లో, బస్తీల్లో పుట్టిన ఆటను ఒక పద్ధతిలో పెట్టిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టిన ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయ్యారు, 1963 జూన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూసేదాకా ఆ పనిలోనే ఉన్నారు. ఆటగాళ్లందరికీ ఆయన రహీం సాబ్.

రహీం శిక్షణలో పంతులు లక్షణం బాగా కనిపిస్తుంది. డ్రిబ్లింగ్ పూర్తిగా నిషేధించిన పోటీలు పెట్టేవారు. బంతి కాలికి తగలగానే పక్కవాడికి అందించడం తప్ప ఆటగాడికి వేరే దారి ఉండేది కాదు. బలహీనమైన కాలితోనే ఆడాలనే నియమంతో మరికొన్ని పోటీలు నడిపేవారు. ఈ అభ్యాసం ఫలితం త్వరగానే కనిపించింది. 1950లోనే పోలీసు జట్టు డ్యూరాండ్ కప్పు గెలిచింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు ఎవరికీ వదల్లేదు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57లోనూ, ఆ మరుసటి సీజన్‌లోనూ గెలుచుకుంది.

జాతీయ జట్టు పగ్గాలు కూడా రహీం చేతికే వచ్చాయి. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం అందరూ హైదరాబాదీలే. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన రోజున తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ మైదానంలో ఉన్నారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం ఆ తర్వాత ఇంతవరకు భారత్‌కు దక్కలేదు.

ఇంత సాధించిన పోలీసు జట్టుకు తనదంటూ అభిమాన సంఘం లేదు, సభ్యత్వం లేదు, చందా కట్టి తరతరాలుగా ఓటు వేసే సభ్యులు లేరు. అది ఒక ప్రభుత్వ శాఖకు చెందిన జట్టు. ప్రజలు ఆట చూసి ఆనందించారు, చప్పట్లు కొట్టారు, గెలిచిన ఆటగాళ్లను చూసి గర్వపడ్డారు. కానీ జట్టు తమ సొత్తు అనుకునే వీలు వాళ్లకు లేకపోయింది.

కలకత్తాలో పరిస్థితి ఇందుకు పూర్తిగా విరుద్ధం. 1889లో పుట్టిన మోహన్ బగాన్, 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్, వీటితో పాటు మహమ్మదన్ స్పోర్టింగ్ అక్కడి జనానికి ఇంటిపేర్లతో సమానం. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలు ఈస్ట్ బెంగాల్ క్లబ్బును పోగొట్టుకున్న ఊరికి గుర్తుగా చూసుకున్నాయి. ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజు ఇంట్లో పులస చేప వండడం, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు వండడం ఆనవాయితీ అయింది. పిల్లవాడు ఏ క్లబ్బు పక్షమో చాలా ఇళ్లలో వాడు పుట్టకముందే తేలిపోయి ఉంటుంది. క్లబ్బుతో పాటే ఆ క్లబ్బుకు ఆడిన పాత ఆటగాళ్లు కూడా వారసత్వంగా సంక్రమిస్తారు.

ఈ వారసత్వాన్ని నిలబెట్టే ఏర్పాట్లు చాలానే ఉన్నాయి. 1911 జులై 29న మోహన్ బగాన్ ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించింది. ఆ రోజు ఆడిన పదకొండు మందిలో సుధీర్ ఛటర్జీ ఒక్కరే బూట్లు వేసుకున్నారు. అప్పటి ఆటగాళ్లను అమర ఏకాదశం అంటారు, ఏటా జులై 29ని మోహన్ బగాన్ దినంగా జరుపుతారు, ఆ సందర్భంగా పాత ఆటగాళ్లకు మోహన్ బగాన్ రత్న ఇస్తారు. ఒకప్పటి రక్షణ ఆటగాడు గోష్ఠ పాల్‌కు ఈడెన్ గార్డెన్స్ దగ్గర విగ్రహం ఉంది, ఆయన పేరుతో వీధి ఉంది. టీవీ రాకముందు అజయ్ బసు, కమల్ భట్టాచార్య, పుష్పేన్ సర్కార్ బెంగాలీలో చెప్పిన రేడియో వ్యాఖ్యానం ఆటను మైదానం చూడని పల్లెలకు, ఇంట్లోని ఆడవాళ్లకు చేర్చింది. ఆటగాడి ముఖం ఎరగని వాళ్లు కూడా అతని పరుగు ఎలా ఉంటుందో మాటల్లో విని పదిలం చేసుకున్నారు.

అన్నిటికంటే బలంగా పనిచేసింది పేర్లు పెట్టే అలవాటు. 1940ల చివర, 1950ల మొదట్లో దక్షిణాది నుంచి వచ్చి ఈస్ట్ బెంగాల్ ముందు వరసలో ఆడిన ఐదుగురు వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. అభిమానులు వాళ్లను పంచపాండవులు అన్నారు. ఆ ఐదుగురి ఆటను చూసినవాళ్లు ఇప్పుడు చాలా కొద్దిమంది. అయినా ఈస్ట్ బెంగాల్ అభిమాని ఆ ఐదు పేర్లూ వరసగా చెప్పగలడు. మహాభారతం ఎరిగిన జనానికి ఐదుగురిని కలిపి గుర్తుంచుకోవడం ఇంతకంటే సులువైన పద్ధతిలో సాధ్యం కాదు. ఎక్కడి నుంచి వచ్చారు, ఏ భాష మాట్లాడతారు అన్న లెక్క ఇక్కడ ఎవరూ వేయలేదు. క్లబ్బు రంగు తొడుక్కున్నవాడు తమవాడే.

బలరాం విషయంలో ఇది మరింత స్పష్టం. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టాడు. సాధనకు నగరానికి వచ్చే స్తోమత లేకపోతే సైకిలు అద్దెకు రహీం సాబ్ డబ్బులిచ్చి రప్పించారన్న కథ ఆయన గురించి చెప్పే ప్రతిచోటా వినిపిస్తుంది. 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు, 1961లో ఆ జట్టుకు నాయకత్వం వహించాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. ఊపిరితిత్తుల జబ్బు వల్ల ముప్పై ఏళ్లు నిండకుండానే ఆట మానుకోవాల్సి వచ్చింది. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం అనే మూడు పేర్లు భారత ఫుట్‌బాల్ చరిత్రలో విడదీయలేనివి. చునీకి 1983లో, పీకేకి 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకు 1962లో వచ్చిన అర్జున పురస్కారం తప్ప పద్మ గౌరవం దక్కలేదు. అది ఆయనకు జరిగిన అన్యాయమే. ఆట మానాక ఆయన హైదరాబాదుకు తిరిగి రాలేదు, హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో స్థిరపడ్డాడు. 2023 ఫిబ్రవరి 16న చనిపోయేదాకా ఆయన్ని వెతుక్కుంటూ వచ్చి ఆనాటి ఆట గురించి అడిగినవాళ్లలో ఆ ఆట చూసే వయసు లేనివాళ్లే ఎక్కువ.

హబీబ్ కథ తర్వాతి తరానిది. 1949లో హైదరాబాదులో పుట్టి, 1966లో ఈస్ట్ బెంగాల్‌లో చేరి, దాదాపు పద్దెనిమిదేళ్ల పాటు కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. అభిమానులు ఆయన్ని బడే మియా అని పిలుచుకున్నారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఆయన ఆడితే, ఆ జట్టు కెప్టెన్ మరో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. 1977 సెప్టెంబరు 24న పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌తో తలపడింది. 2-2గా ముగిసిన ఆ ఆటలో మోహన్ బగాన్ గోల్స్ శ్యామ్ థాపా, హబీబ్ కొట్టారు. హబీబ్ తమ్ముడు అక్బర్ 1976 లీగ్‌లో ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన 17 సెకన్లకే కొట్టిన గోల్ మోహన్ బగాన్ కుటుంబాల్లో ఇప్పటికీ మాట్లాడుకునే విషయం. అభిమానుల జ్ఞాపకం తరచుగా ఇలా ఒక ఆటకు, ఒక గోలుకు, ఒక అంకెకు కట్టుబడి నిలుస్తుంది. పద్దెనిమిదేళ్ల శ్రమ మొత్తాన్ని ఎవరూ గుర్తుంచుకోలేరు, 17 సెకన్లను మాత్రం ఎవరైనా గుర్తుంచుకోగలరు.

ఈ పద్ధతిలో నష్టం కూడా ఉంది. పాత ఆటల చిత్రాలు దాదాపు లేవు, కాబట్టి ఎవరు ఎంత గొప్పవాడో తేల్చేది చెప్పేవాడి నోరే. గోల్స్ కొట్టినవాళ్లు ముందుకొస్తారు, అడ్డుకున్నవాళ్లు వెనకబడతారు. కలకత్తా క్లబ్బుల్లో వెలుగుకు రాకుండా హైదరాబాదు పోలీసు జట్టుతోనే పేరు తెచ్చుకున్నవాళ్లు ఇంకా వెనక్కి పోయారు. నూర్ మహమ్మద్ 1951 ఆసియా స్వర్ణం గెలిచిన జట్టులో, రెండు ఒలింపిక్స్ జట్లలో ఉన్న హాఫ్ బ్యాక్. అజీజుద్దీన్ ఆ కాలపు మేటి డిఫెండర్లలో ఒకడు. ఈ ఇద్దరి గురించి నాలుగు మాటలు చెప్పగలిగే అభిమాని ఈనాడు ఏ ఊళ్లోనూ తేలికగా దొరకడు.

హైదరాబాదులో జ్ఞాపకం పల్చబడడానికి కారణాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కలకత్తా క్లబ్బులు ఇచ్చే డబ్బుకు, పేరుకు ఇక్కడి మంచి ఆటగాళ్లు ఏటా అటు వెళ్లారు. రహీం పోయాక ఆయన స్థాయి కోచ్ రాలేదు. పోలీసు జట్టు 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో మళ్లీ డ్యూరాండ్ గెలిచింది, రాష్ట్ర జట్టు 1965-66లో సంతోష్ ట్రోఫీ తెచ్చింది, ఆ తర్వాత పతనం మొదలైంది. 1955లో తొలి టెస్టు మ్యాచ్ చూసిన ఫతే మైదాన్, తర్వాత లాల్ బహదూర్ స్టేడియంగా మారి క్రికెట్ అభిమానుల మనసుల్లో నిలిచింది. చివరికి రోవర్స్ కప్పే 2000 తర్వాత ఆగిపోయింది. పోటీ ఏటా జరుగుతుంటే పాత విజేతల పట్టిక పత్రికల్లో వస్తుంది, వరసగా ఐదుసార్లు గెలిచిన జట్టు ఏదని ఎవరో ఒకరు అడుగుతారు. కప్పు ఆగిపోవడంతో ఆ ప్రశ్న అడిగేవాళ్లు కూడా లేకుండా పోయారు.

మిగిలిన జ్ఞాపకాన్ని కాపాడింది ఎక్కువగా కుటుంబాలు, శిష్యులు. రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ ఒలింపిక్స్ బృందంలో ఉన్నాడు, ఆ తర్వాత వైమానిక దళ అధికారిగా, అంతర్జాతీయ రిఫరీగా, కోచ్‌గా పనిచేశాడు. 2021 ఆగస్టులో మరణించేదాకా తండ్రి పద్ధతుల గురించి అడిగిన ప్రతి విలేకరికీ ఓపికగా చెప్పేవాడు. ఈనాడు రహీం గురించి రాసే వ్యాసాల్లో సగం విషయం ఆయన నోటి నుంచి వచ్చిందే అనడం అతిశయోక్తి కాదు. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ లాంటి తర్వాతి తరం హైదరాబాదీలు కూడా కలకత్తాలో పేరు తెచ్చుకున్నాక పాత కథలను ఇటు మోసుకొచ్చారు. 2023 ఆగస్టు 15న హబీబ్ హైదరాబాదులో చనిపోయాడు. చివరి రోజుల్లో మతిమరుపు వ్యాధి ఆయన్ని బాధించింది. కలకత్తా పత్రికలు ఆ వార్తను తమ ఇంటి మనిషి పోయినట్టు రాశాయి.

2024 ఏప్రిల్‌లో వచ్చిన హిందీ చిత్రం ‘మైదాన్’లో రహీం పాత్రను అజయ్ దేవగణ్ పోషించాడు. రహీం పేరే వినని లక్షల మందికి ఆయన ఎవరో ఆ చిత్రం వల్ల తెలిసింది. ఇది చిన్న మేలు కాదు. అయితే సినిమా కథను 1962 స్వర్ణం వైపు నడిపించింది, పోలీసు జట్టు ఐదేళ్ల రోవర్స్ విజయాలకు అందులో చోటు తక్కువ.

ఈలోగా హైదరాబాదుకు కొత్త జట్టు ఒకటి వచ్చింది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీకి దక్కన్ లీజియన్ అనే అభిమాన బృందం తయారైంది. పోలీసు జట్టుకు ఏనాడూ లేనిది ఇదే. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఈ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టిన నైజీరియా ఆటగాడు బార్తోలోమ్యూ ఓగ్బేచే పేరు ఊరి కుర్రాళ్ల నోళ్లలో నానింది. కానీ కోవిడ్ కారణంగా ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది, గచ్చిబౌలి మైదానంలో ఒక్క ఆటా జరగలేదు. ఊరి జట్టు ఛాంపియన్ అవుతుంటే ఊరి అభిమానులు టీవీలో చూశారు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది.