మాలపిల్ల, ఒక అమెరికా అల్లుడు

పాత తెలుగు సినిమాలనగానే మనవారికి పౌరాణికాలు గుర్తుకొస్తాయి. నేను మాత్రం ఒక సాంఘిక చిత్రం గురించి రాస్తున్నాను. గూడవల్లి రామబ్రహ్మంగారు సారథి ఫిలిమ్స్ పక్షాన తీసిన ‘మాలపిల్ల’ 1938 సెప్టెంబరు 25న విడుదలయింది. కథ చలంగారిది, మాటలు తాపీ ధర్మారావుగారివి. అగ్రహారం పెద్ద సుందరరామశాస్త్రిగారి కుమారుడు నాగరాజు మాలపల్లె అమ్మాయి శంపాలతను ప్రేమిస్తాడు. శంపాలతగా కాంచనమాల, శాస్త్రిగారిగా డాక్టర్ గోవిందరాజుల సుబ్బారావు నటించారు. గుడి తలుపులు హరిజనులకు, ఆనాటి మాట అదే, తెరవాలా వద్దా అన్న తగవు కూడా కథలో ఉంది. మధుర మీనాక్షి ఆలయంలో వారు అడుగుపెట్టింది ఆ మరుసటి ఏడు, 1939 జూలైలో.

అదే 1938లో హాలీవుడ్‌లో ఇటువంటి చిత్రం తీయడానికి వీల్లేదు. తెల్లవారికీ నల్లవారికీ మధ్య ప్రేమ సంబంధం తెరమీద చూపరాదని నిర్మాతల నియమావళిలోనే రాసిపెట్టుకున్నారు. 1934 నుంచి గట్టిగా అమలు చేశారు. 1956లో గాని ఆ నిషేధం పోలేదు. అన్నిటా అమెరికాయే ముందనుకునేవారు ఈ సంగతి గమనించాలి!

ఇక్కడ చట్టమే అడ్డు. రిచర్డ్, మిల్డ్రెడ్ లవింగ్ దంపతులకు పెళ్లి చేసుకున్న నేరానికి వర్జీనియాలో 1959లో శిక్ష పడింది. సుప్రీంకోర్టు 1967 జూన్ 12న కొట్టివేసేనాటికి 16 రాష్ట్రాల్లో అటువంటి చట్టాలున్నాయి. స్టాన్లీ క్రేమర్ తీసిన ‘గెస్ హూస్ కమింగ్ టు డిన్నర్’ షూటింగు అప్పటికే పూర్తయింది. అందులో నల్లజాతి తండ్రి, పదహారో పదిహేడో రాష్ట్రాల్లో నీ పెళ్లి నేరమవుతుందని కొడుకును హెచ్చరిస్తాడు. డిసెంబరులో సినిమా విడుదలయ్యేసరికి ఆ మాటకు కాలం చెల్లింది.

రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి నాకు మింగుడుపడదు. సిడ్నీ పోయిటియర్ వేసిన పాత్ర మామూలు గుమాస్తా కాదు, ప్రపంచ ప్రసిద్ధి పొందిన డాక్టరు. అంతటివాడైనా పిల్లతండ్రి ఒప్పుకోవడానికి సినిమా అంతా పట్టింది. మాలపిల్లలోనూ, మంటల్లో చిక్కుకున్న శాస్త్రిగారి భార్యను హరిజనులు కాపాడాకే ఆయన మనసు మారుతుంది. శంపాలత మంచితనం ఒక్కటే చాలలేదు.

ఈ దేశంలో మన ఇళ్లలోనూ, పిల్లలు ఫలానావారిని ఇష్టపడ్డామంటే ముందు అడిగేది ఏ కాలేజీ, ఏం ఉద్యోగం అనే. డాక్టరంటే మతమూ కులమూ కాస్త వెనక్కు తగ్గుతాయి. నిజంగా కోర్టుకెక్కి గెలిచిన రిచర్డ్ లవింగ్ మాత్రం ఇటుకలు పేర్చే తాపీమేస్త్రీ.