మేదోమానము: తక్కెడ చెప్పునది, చెప్పలేనిది

హైదరాబాదు పాతబస్తీలో వ్యాయామవిద్య చిరకాలముగ వేళ్లూనియున్నది. నిజాము సైన్యమున గొలువునకై హద్రమౌతు దేశమునుండి వచ్చిన అరబ్బు భటులు కాపురమున్న బార్కాసు పేట పేరు, సైనికుల బసలకు ఇంగ్లీషువారు వాడు 'బారక్సు' అను మాటనుండి పుట్టినది. అచటి కుస్తీకి నేటికిని పేరున్నది. తాలీంఖానాలలో దండీలు, బస్కీలు తీసి, ముగ్దరులు త్రిప్పి, మట్టిగోదాలో పట్లు నేర్చిన మల్లుని మనవారు 'వస్తాదు' అనిరి. గురువను నర్థముగల 'ఉస్తాద్' శబ్దమే మన నోట నిట్లయ్యెను. శిష్యుని దేహము నెఱుగుటకు ఆ గురువునకు కన్నును, చేయియు తప్ప వేఱు సాధనములు లేవు. నేడు గాజుపలకవంటి తక్కెడ యింటింట వెలసినది. వట్టికాళ్లతో దానిపై నిలిచినంతనే బరువుతోపాటు దేహమున క్రొవ్వు నూటికింత యని చూపును. ఆ అంకెను జూచి గోదాకు పోవు పడుచువారు అన్నము తగ్గించుకొనుచున్నారు. కావున నా అంకె పుట్టుపూర్వములు విచారించుట వ్యర్థము గాదు.

దేహమును బరువుచే గాక కూర్పుచే నెంచుట మనకు క్రొత్త గాదు. చరకసంహిత సూత్రస్థానమున 21వ అధ్యాయము అతిస్థూలుని, అతికృశుని నిందితులలో జేర్చి, మేదస్సును మాంసమును వేఱువేఱుగ బరిగణించి, సమమైన మాంసమును దృఢమైన కూర్పును గలవానిని ప్రశంసించుచున్నది. లావుగ నున్నవాడెల్ల రోగియని చరకుడు చెప్పలేదు. ఈ వివేకము తక్కెడ ప్రాబల్యమున మఱుగుపడెను.

19వ శతాబ్ది పూర్వార్ధమున బెల్జియము గణితవేత్త యగు కెట్లే, మనుష్యుల బరువు ఎత్తుయొక్క వర్గము ననుసరించి పెరుగునని కనుగొనెను. అతడు వెదకినది జనసముదాయపు సగటు. ఒక్కొక్కని ఆరోగ్యము గాదు. 1972లో ఆన్సెల్ కీసు అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఆ గణనకే 'దేహభారసూచి' యను నర్థముగల పేరు పెట్టెను. దాని ననుసరించి 170 సెంటీమీటర్ల పొడవును, 80 కిలోల బరువును గల మల్లునికి 27.7 వచ్చును. ఆసియావాసులకు 23 దాటినచో జాగ్రత్త వలయునని 2004లో ప్రపంచారోగ్యసంస్థ నిపుణులు సూచించిరి. ఈ లెక్కకు గోదాలో చెమటోడ్చినవాడును, దివాణములో గద్దెనుండి లేవనివాడును నొక్కటియే.

ఈ లోపమును బయటపెట్టినది 1942వ సంవత్సరము. మన వీరఘట్టమున బుట్టి, ఇనుపగొలుసులు త్రెంచి దేశదేశముల ఖ్యాతిగాంచిన కోడి రామమూర్తినాయుడు పరమపదించిన యేడే అది. ఆ యేట ఆల్బర్టు బెంకీ యను అమెరికా నౌకాదళ వైద్యుడు వృత్తిగా బంతియాట లాడు బలశాలురను నీట ముంచి తూచెను. బరువుపట్టికలు వారిలో ననేకులను సైన్యమునకు దగరని త్రోసివేయుచుండెను. నీటిలోని తూకము మఱొకటి చెప్పెను: వారి బరువు మాంసముదే కాని క్రొవ్వుది గాదు. క్రొవ్వు సాంద్రత నీటికంటె తక్కువ, సుమారు 0.9, తక్కిన దేహముది సుమారు 1.1. కావున క్రొవ్వు తక్కువైన దేహము నీటిలో నెక్కువ తూగును. చరకుని వివేకము ఆర్కిమిడీసు సూత్రముచే మరల నిలిచినట్లయ్యెను.

నీటితొట్టి యింటింట సాధ్యము గాదు. 1962లో థొమస్సే యను ఫ్రెంచివైద్యుడు దేహమున స్వల్పవిద్యుత్తును పంపి అందలి నీటిని లెక్కించు మార్గము చూపెను. నీరును లవణములును గల మాంసము విద్యుత్తును సులభముగ బోనిచ్చును; క్రొవ్వు అడ్డగించును. 1990 తరువాత జపాను తయారీదారులు దీనిని కాళ్లక్రింది తక్కెడలో నమర్చిరి.

చదువరులు గమనింపవలసిన ముఖ్యాంశ మిదియే: ఈ యంత్రము క్రొవ్వును తూచదు. అది కొలుచునది విద్యుత్తునకు గల అడ్డు మాత్రమే. దానికి మనము తెలిపిన పొడవు, వయస్సు, స్త్రీపురుషభేదమును, తాను తూచిన బరువును జోడించి, సామాన్యజనులను పరీక్షించి కట్టిన సూత్రముచే నూహించి చెప్పును. మాంసపుష్టి గల మల్లుడు ఆ సామాన్యులలో జేరడు. అంతేగాక విద్యుత్తు ఒక పాదమునుండి ప్రవేశించి రెండవ పాదమున వెడలును. భుజములు, వక్షము దాని మార్గమున లేవు. వస్తాదు బలమంతయు నచటనే కదా! చెమటచే దేహమున నీరు తగ్గినపుడు అడ్డు పెరిగి, లేని క్రొవ్వు చూపును. కొన్ని యంత్రములలో క్రీడాకారులకు వేఱు మీట గలదు. అది నొక్కినంతనే అంకె తగ్గును. మాఱినది సూత్రమే గాని దేహము గాదు.

ఫలిత మేమి? పెక్కండ్రను గలిపి సగటు చూచినచో యంత్రము సత్యమునకు దగ్గఱగ నుండవచ్చును. ఒక్కనియందు నూటికి నాలుగైదు పాళ్లు తప్పుట అరుదు గాదు. 80 కిలోల మల్లునికి 12 పాళ్లు, అనగా 9.6 కిలోల క్రొవ్వు, ఉన్నదనుకొందము. యంత్రము 18 అన్నచో 14.4 కిలోలగును. లేని ఆ 4.8 కిలోల క్రొవ్వును కరగింప బూనినవాడు మాంసమునే పోగొట్టుకొనును.

ఇది వట్టి లెక్కల ముచ్చట గాదు. 1997 చివర అమెరికా కళాశాలల మల్లులు ముగ్గురు, తక్కువ బరువు తరగతిలో జేరుటకై చెమటోడ్చి నీరు మాని, కొలది వారములలో మరణించిరి. పిదప నచట నియమము మాఱెను. ఋతువారంభముననే, దేహమున నీరు చాలినంత యున్నదని మూత్రపరీక్షచే నిర్ధారించి, క్రొవ్వును గొలిచి, నూటికి 5 పాళ్లకు దిగకుండ కనీసపు బరువును నిర్ణయింతురు. కొలత బుద్ధిమంతుల చేత బడినపుడు ప్రాణరక్షకమగునని దీనివలన దెలియుచున్నది.

కాగా తూనికను పూర్తిగ దిరస్కరించుటయు తగదు. 2004లో పూనావైద్యుడు యాజ్ఞిక్, ఇంగ్లండువైద్యుడు యడ్కిన్ తమ దేహములనే పరీక్షించి ప్రకటించిరి. ఇరువురి దేహభారసూచియు 22.3, క్రొవ్వు యడ్కినునకు 9.1 పాళ్లు, యాజ్ఞికునకు 21.2. సన్నగ గనబడు మన దేహములలో క్రొవ్వు దాగియుండుట కలదు. మల్లుని విషయమున లేని దోషము నారోపించు బరువే, కూర్చుండి పనిచేయు గుమాస్తా విషయమున నున్న దోషమును కప్పిపుచ్చును.

కావున మా మనవి యిది. ఇంటి తక్కెడను వాడదలచినవారు ప్రతిదినము నొకే వేళ, ఉదయమున మూత్రవిసర్జనానంతరము, ఆహారమునకును వ్యాయామమునకును ముందు దానిపై నిలువవలెను. ఒకనాటి అంకెను లెక్కసేయక, కొన్ని వారముల గమనము నరయవలెను. నడుము చుట్టుకొలతను, గోదాలోని శక్తిని, నిద్రను, ఆకలిని దానితో సరిచూడవలెను. ఇవన్నియు బాగుండి యంత్రమొక్కటి దోషమెన్నినచో సందేహింపవలసినది యంత్రమునే. ఉస్తాదు కన్ను పాతబడినదని త్రోసివేయరాదు. యంత్రము క్రొత్తదని పూజింపరాదు. రెంటిని నడుపవలసినది విచారబుద్ధి. దానిని తూచు తక్కెడ యింకను పుట్టలేదు.