గెర్టీ: తెర ముందు నిలిచిన చిత్రకారుడు

విన్సర్ మెకే 1914లో ప్రదర్శించిన ‘గెర్టీ ద డైనోసార్’ను తొలి యానిమేషన్ చిత్రంగా పేర్కొనడం పరిపాటి. ఈ మాట నిలువదు. ఫ్రాన్సులో ఎమిల్ కోల్ 1908లోనే ‘ఫాంటస్మాగొరీ’ని వెలువరించాడు. మెకే స్వయంగా అంతకుముందే రెండు చిత్రాలు తీశాడు. గెర్టీ విశిష్టతను మరొకచోట వెదకాలి. అది మొదట రంగస్థల ప్రదర్శనగా పుట్టింది. ఈ సంగతిని విస్మరించిన వ్యాఖ్యానం సగం కృతినే చదివినట్లవుతుంది.

మెకే వృత్తిరీత్యా పత్రికా చిత్రకారుడు. న్యూయార్క్ హెరాల్డ్‌లో 1905 అక్టోబరు 15న ఆరంభమైన ‘లిటిల్ నెమో ఇన్ స్లంబర్‌లాండ్’ ఒక బాలుని కలల ధారావాహిక. కల చెదరి మేల్కొనడంతో ఏ వారపు కథ ఆ వారం ముగుస్తుంది. 1908 నాటి ఒక పుటలో మంచం కోళ్లు గడిగడికీ పొడవు పెరిగి, నగర సౌధాల మీదుగా నడుస్తాయి. కదలికను వరుస బొమ్మలుగా విడదీసే దృష్టి అప్పటికే అతనిలో పరిణతి చెందిందనడానికి ఈ ఒక్క పుట చాలు.

1914 ఫిబ్రవరిలో చికాగో ప్యాలెస్ థియేటర్‌లో మెకే కొరడా చేతబట్టి తెర పక్కన నిలిచి గెర్టీని పిలిచాడు. అది వచ్చి వంగి నమస్కరించింది, కాలెత్తింది, మందలిస్తే ఏడ్చింది. అతడు పండు విసిరినట్లు నటించి అరచేతిలో దాచుకొనేవాడు. తెర మీద అది అందుకొనేది. చివరకు అతడు తెర వెనుకకు నడిచేవాడు, మరుక్షణమే బొమ్మగా మారి దాని వీపుపై ప్రత్యక్షమయ్యేవాడు. వేల కాగితాల శ్రమ దీని వెనుక ఉంది. పారదర్శకమైన సెల్యులాయిడ్ పలకలను అతడింకా చేపట్టలేదు గనుక ప్రతి కాగితం మీదా కొండలూ చెట్టూ తిరిగి గీయవలసివచ్చింది. ఆ పని సహాయకుడు జాన్ ఫిట్జ్‌సిమన్స్‌ది. చరిత్రలలో ఈ పేరు పాదసూచికకే పరిమితం కావడం న్యాయం కాదు.

మెకే 1911 నుండి హర్స్ట్ పత్రికలలో ఉద్యోగి. రంగస్థలం పత్రికాపనికి అడ్డమని భావించిన యజమాని ఆ ప్రదర్శనలను కట్టడి చేశాడు. 1914 చివరలో విలియం ఫాక్స్ సంస్థ, పందెం కథను ముందు చేర్చి, గెర్టీని సినిమాగా విడుదల చేసింది. చిత్రకారుని పిలుపులూ మందలింపులూ తెరపై అచ్చు పలకలయ్యాయి. నేడు మనకు దక్కిన పాఠం ఇదే. ఇందులో గెర్టీ వీపెక్కే చిన్న మనిషి వట్టి చమత్కారంగా తోస్తాడు. నాటి ప్రేక్షకునికి అతడు క్షణం ముందు వరకు ఎదుట నిలబడి మాట్లాడిన మనిషి.