బిల్లు నాన్నది, మరి నంబర్లు ఎవరివి?

"ఇంట్లో సిమ్ములన్నీ నా పేరు మీదే ఉన్నాయి, బిల్లు కట్టేదీ నేనే. ఎవరు ఎవరికి ఫోన్ చేశారో చూస్తే తప్పేంటి?" మా ప్రత్తిపాడు వైపు (గుంటూరు జిల్లాది లెండి, కాకినాడ దగ్గరది కాదు) చాలామంది ఇంటిపెద్దలు అనే మాటే ఇది. ఈ హక్కు ఎక్కణ్ణుంచి వచ్చిందో కాస్త వెనక్కెళ్ళి చూద్దాం.

ఎస్టీడీ బూత్‌లో మాట్లాడితే నంబరు, టైము, డబ్బులు ఒక చిన్న చీటీ మీద ప్రింటయ్యేవి. అది మాట్లాడినవాళ్ళ చేతికే వచ్చేది, చింపేస్తే అంతే సంగతులు. ల్యాండ్‌లైను ఇంట్లోకొచ్చాక ఆ చిట్టా కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ళకి పోవడం మొదలయింది. మిర్చి రేటు కోసం నాన్న చేసిన కాలూ, స్నేహితురాలికి కూతురు చేసిన కాలూ ఒకే కాగితం మీద! అప్పట్లో దానికో కారణం ఉంది. ప్రతి నిమిషానికీ డబ్బు పడేది కాబట్టి లెక్క సరిచూసుకోవాలి కదా.

మరి చట్టం ఏమంటుంది? 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఫోన్లు వినే అధికారాన్ని ప్రభుత్వానికే, అదీ షరతులతో ఇచ్చింది. మొగుడికో, తండ్రికో ఇవ్వలేదు. 2007లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకి ఒక విడాకుల కేసు వచ్చింది. భార్య ఇతరులతో మాట్లాడిన మాటల్ని ఆమెకు తెలియకుండా భర్త రికార్డు చేసి, హార్డ్ డిస్కు సాక్ష్యంగా పెట్టబోయాడు. అది చట్టవిరుద్ధం, ఆమె గోప్యతకి భంగం అని కోర్టు తేల్చేసింది. తర్వాత 2017లో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కేనంది. 2023 టెలికాం చట్టం ప్రకారం కంపెనీ దగ్గరున్న కాల్ రికార్డుల్ని అనుమతి లేకుండా, లేదా ఇంకొకరిలా నటించి సంపాదిస్తే మూడేళ్ళ దాకా జైలు. అయితే గీత పూర్తిగా ఒకవైపే జరగలేదు. భార్యాభర్తలు తమలో తాము మాట్లాడుకున్నది రహస్యంగా రికార్డు చేసినా, విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2025 జూలైలో చెప్పింది.

ఇక మీ పేరు మీద వచ్చిన ఫ్యామిలీ ప్లాన్ బిల్లు మీరు చదువుకోవడం నేరమేమీ కాదు. కానీ ఒక ప్రోగ్రామరుగా నాకు తోచేది చెప్తాను. కాల్ రికార్డులో మాటలుండవు. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవరు నుంచి, అంతే. రోజూ రాత్రి పదకొండింటికి ఒకే నంబరుకి నలభై నిమిషాలు అని ఉంటే మిగతా కథంతా చూసినవాడే అల్లుకుంటాడు. ఆ కథకి జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం కూతురో, కోడలో. కొడుకు నంబర్లు ఆరా తీసే ఇళ్ళు ఎన్నున్నాయి చెప్పండి?

2016లో జియో వచ్చాక నిమిషాల లెక్కే పోయింది. ఎంతసేపు మాట్లాడినా ప్యాక్ డబ్బులు అవే. అంటే ఆ చిట్టా చూడ్డానికి పాతరోజుల్లో ఉన్న ఒక్క కారణం కూడా ఇప్పుడు లేదు. ఇంకా చూస్తున్నామంటే చూసేది ఖర్చు కాదు, మనిషిని. ఆ పని చేస్తూ దానికి "బిల్లు చెక్ చేస్తున్నా" అని పేరు పెట్టకండి.