గాజుపెంకులు – సుర్కీ పాఠం



ప్రహరీ గోడ మీద సిమెంటు వేసి సీసాపెంకులు గుచ్చడం మనమందరం చూసినదే. ఆ పెంకుల్నే కంకరకు బదులు కాంక్రీటులో కలిపితే రాయీ ఇసుకా ఆదా అవుతాయి గదా అన్న ఆలోచన కూడా పాతదే. నేను ఇంజనీరును కాను, ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. ఒకసారి తిరస్కరించి, తిరిగి తెరిచిన ఫైలు వంటిది ఈ చరిత్ర.

1940లో కాలిఫోర్నియా రహదారుల శాఖ ఇంజనీరు థామస్ స్టాంటన్ ఒక విషయం బయటపెట్టారు. సిమెంటులోని క్షారాలు కొన్ని రకాల రాళ్ళలోని సిలికాతో కలిసి జిగురు వంటి పదార్థాన్ని పుట్టిస్తాయి. అది నీరు పీల్చి ఉబ్బి, కాంక్రీటును లోపలి నుండే చీలుస్తుంది. సీసా గాజులో సుమారు 70 శాతం సిలికాయే. అదీ క్షారానికి తేలికగా లొంగే రకం. గోడ పలకలకు అందం కోసం పొదిగే గాజుముక్కలలో ఈ చర్యను పరీక్షించిన వ్యాసం 1963లో అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ పత్రికలో వచ్చింది. గాజు కంకరపై అనుమానం బలపడింది.

1990లలో కొలంబియా విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ మేయర్ బృందం ఆ ఫైలు మళ్ళీ తెరిచింది. తేలిందేమంటే, చిక్కంతా ముక్క పరిమాణంలో ఉంది. గాజును పిండిలా నూరితే, అదే సిలికా సిమెంటు నుండి విడుదలయ్యే సున్నంతో ముందుగానే కలిసి బలమైన బంధమవుతుంది. పెంకుగా ఉంటే శత్రువు, పిండి అయితే మిత్రుడు! ఇలా నూరిన గాజుపొడికి 2020లో అమెరికాలో ఏఎస్‌టీఎం ప్రమాణం కూడా వచ్చింది.

ఈ కిటుకు మన పాత మేస్త్రీలకు కొత్త కాదు. కాల్చిన ఇటుకను మెత్తగా దంచి, సుర్కీ పేరుతో గానుగ సున్నంలో కలిపేవారు. అక్కడా పని చేసేది మెత్తటి సిలికా, సున్నం కలయికే. 1953లో పూర్తయిన తుంగభద్ర ఆనకట్టను కట్టింది సుర్కీ కలిపిన సున్నంతోనే.

రిటైర్మెంటు సొమ్ముతో ఇల్లు కట్టుకునే మనవారికి ఒక్క మనవి. పొదుపు పేరుతో ఎవరైనా స్లాబు కాంక్రీటులో గాజుపెంకులు కలుపుతామంటే ఒప్పుకోకండి. బీటలు ఆనాడే కనబడవు, ఏళ్ళ తరువాత కనబడతాయి. అప్పటికి మేస్త్రీ ఉండడు, సొమ్మూ ఉండదు. గాజుపొడి అంటే మాత్రం పరీక్ష నివేదిక అడగండి. సంతకం పెట్టేముందు కాగితం చదవడం మనకు అలవాటే గదా!