ఉప్పుగాలిలో చేతక్

చేతక్ స్కూటరుకు లోపల వేరే ఫ్రేమంటూ ఏదీ ఉండదు. మోటారు సైకిలుకైతే ఇనప గొట్టాల ఫ్రేము ఉంటుంది, దాని మీద ట్యాంకూ సీటూ మడ్‌గార్డులూ బిగిస్తారు. తుప్పు పట్టిన ముక్కను ఊడదీసి కొత్తది పెట్టుకోవచ్చు. చేతక్‌లో అలా కాదు. మోకాళ్ళకు అడ్డంగా ఉండే రేకు, కాళ్ళు పెట్టుకునే అడుగు రేకు, సీటు కింది భాగం, అన్నీ అచ్చులో నొక్కిన ఉక్కు రేకులే. వాటిని ఒకదానికొకటి వెల్డింగు చేస్తారు. ఒళ్ళూ అదే, ఎముకా అదే. కాబట్టి అడుగు రేకుకు చిల్లు పడిందంటే బండి అందం ఒక్కటే కాదు, నడుమే పోతోందన్నమాట.

మా మామగారి బండికి పడిన చిల్లులోంచి అరచెయ్యి దూరేది. మా అబ్బాయేమో దాన్ని బాగు చేయించి నడుపుతానంటాడు. వెనక నేను కూర్చుంటానని మా అత్తగారు. పాత ఇనుము కొనేవాడు కిలోల లెక్కన ధర చెప్పి వెళ్ళాక ఆవిడ రెండ్రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అందుకే దీని పుట్టుపూర్వోత్తరాలు వెతకడం మొదలుపెట్టాను.

ఈ రేకుల ఒళ్ళు ఆలోచన ఇటలీది. పియాజియో కంపెనీ రెండో ప్రపంచ యుద్ధం దాకా విమానాలు తయారుచేసేది. బాంబు దాడుల్లో పాంటెడెరాలోని ఫ్యాక్టరీ దెబ్బతింది. యుద్ధమయ్యాక జనానికి చవకగా ఒక బండి కావాలి. కొరాడినో దస్కానియో అనే ఇంజనీరుకు ఆ పని అప్పగించారు. ఆయన హెలికాప్టర్ల మనిషి, మోటారు సైకిళ్ళంటే గిట్టదు. నూనె మరకలు, గొలుసు, ఎక్కడానికి కాలెత్తాల్సి రావడం, ఇవేవీ ఆయనకు నచ్చలేదు. విమానాల రేకు పనిని స్కూటరుకు దించి, ఇంజనును డొప్పల కింద దాచి, ముందు ఖాళీ వదిలాడు. అలా 1946లో వెస్పా వచ్చింది. గౌను వేసుకున్న ఆడవాళ్ళు కూడా ఇబ్బంది లేకుండా ఎక్కగలిగారు.

1960ల మొదట్లో బజాజ్ వాళ్ళు ఆ కంపెనీ లైసెన్సుతో వెస్పాలను మన దేశంలో తయారు చేశారు. 1971లో ఆ ఒప్పందం ముగిసింది. మరుసటేడు రాణా ప్రతాప్ గుర్రం పేరుతో చేతక్ వచ్చింది. బుక్ చేసిన వాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురు చూసేవారు. ఫ్రిజ్‌లతో మనకు తెలిసిన హైదరాబాద్ ఆల్విన్ పేరుతో కూడా పుష్పక్ అనే స్కూటరు వచ్చింది.

గౌన్ల కోసం వదిలిన ఆ ఖాళీ మన చీరలకు బాగా పనికొచ్చింది. వెనక కూర్చునేవాళ్ళ బట్టలు చక్రంలో చుట్టుకోకుండా కనీసం సగం చక్రానికి అడ్డు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతాయి. ఇప్పటి బైకులకు చీర గార్డు అని బిగించేది అందుకే. చేతక్‌కు ఆ పని చాలావరకు డొప్పలే చేసేవి. మా అత్తగారు ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఒక పక్కకు కూర్చుని చెంగాలమ్మ గుడికీ పెళ్ళిళ్ళకూ తిరిగింది దీని మీదే. ఆవిడ పాదాలు ఆనినచోట రేకు మీద రంగు ఏనాడో అరిగిపోయింది.

మామగారు మాస్టరు. ప్రళయకావేరి ఒడ్డు పల్లెల్లోని బళ్ళకు రోజూ దీని మీదే వెళ్ళేవారు. శ్రీహరికోట నుంచి 1971లో రాకెట్లు ఎగరడం మొదలైంది కదా, సూళ్ళూరుపేట నుంచి సరస్సు మధ్యగా వేసిన రోడ్డు మీద వెళ్తే రెండు పక్కలా నీళ్ళు, చలికాలంలో ఫ్లెమింగోలు. ఎండాకాలంలో నీళ్ళు తీసి, అడుగు పగుళ్ళిచ్చి, పైన ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. గాలి వీస్తే ఆ దుమ్మంతా బండికే.

వానాకాలంలో రాళ్ళుప్పు జాడీ చెమ్మగిల్లడం మనకు తెలిసిందే. అందులో మెగ్నీషియం క్లోరైడ్ లాంటివి గాల్లోని తేమను లాగుతాయి. రేకు మడతల్లో చేరిన ఉప్పూ అంతే, వాన లేకపోయినా అక్కడ తడి ఆరదు. ఉప్పునీరు కరెంటును బాగా పారనిస్తుంది కాబట్టి రేకు మీదే చిన్న చిన్న బ్యాటరీలు తయారై ఒక్కోచోట ఇనుము కరిగిపోతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే ముందు రంగు పొక్కుతుంది. పైగా మనం ముచ్చటపడి పరిచే రబ్బరు మ్యాటు కింద తడి భద్రంగా దాక్కుంటుంది.

మొదట చూపించిన షాపులో ఫైబరు అతికించి, పుట్టీ పెట్టి, రంగు కొడితే రెండు వేలన్నారు. తర్వాత ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాం, నలభై ఏళ్ళుగా టింకరింగ్ చేస్తున్న భాయ్. ఆయన స్క్రూడ్రైవరు పిడితో రేకంతా తట్టి విన్నాడు. "పుట్టీ పెడితే చిల్లు కనపడదు తల్లీ. అవ్వను ఎక్కించుకున్నాక బండి వంగితే?" అన్నాడు. నాకు ఆ ఒక్క మాట చాలింది.

కొయ్యడానికి ముందు హ్యాండిల్ మెడ నుంచి సీటు కింది దాకా ఒక ఇనప కడ్డీని అడ్డంగా వెల్డింగు చేశాడు. అది లేకుండా అడుగు తీసేస్తే ముందుభాగం వెనకభాగం వరస తప్పుతాయట. మెరిసే ఇనుము తగిలేదాకా కోస్తూ పోయేసరికి అరచేతంత చిల్లు కూర్చునే పీటంత అయింది. జాకెట్టుకు కాగితం కత్తిరించినట్టు అట్టముక్క కత్తిరించి, దాన్నిబట్టి కొత్త రేకు కోశాడు. పల్చటి రేకును ఒకే ధాటిన అతికిస్తే వేడికి వంకర్లు పోతుంది. అందుకని ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క, మధ్యలో ఆరనివ్వడం. దాన్ని టాకా అంటాడు. మనం బట్టకు వేసేదీ టాకాయే కదా!

మడతల్లో మిగిలిన తుప్పును ఉప్పుకాగితంతో రుద్ది (మా ఊళ్ళో తుప్పు వదిలించేదానికీ ఉప్పు పేరే), తర్వాత ఒక ద్రావణం పూశాడు. ఎర్రటి తుప్పు కాసేపటికి నల్లబడింది. ఇలాంటి వాటిలో కొన్నింట్లో ఫాస్ఫారిక్ ఆమ్లం, కొన్నింట్లో టానిన్ ఉంటుంది. టానిన్ అనగానే నాకు శ్రీకాళహస్తి కలంకారీ గుర్తొచ్చింది. తుప్పు పట్టిన ఇనప ముక్కల్ని బెల్లం నీళ్ళలో నానబెట్టి, కరక్కాయా పాలూ పట్టించిన గుడ్డ మీద ఆ నీళ్ళతో గీస్తారు. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి నల్ల గీత అవుతుంది. మన చీర అంచుల్లోని నలుపు అలా వచ్చిందే.

ఆ పైన రెడ్ ఆక్సైడు, అడుగు వైపు కూడా రెండు చేతులు. నీళ్ళు నిలవకుండా కింద చిన్న రంధ్రాలు వదిలాడు. మొత్తం పన్నెండు రోజులు పట్టింది, పుట్టీ బేరానికి నాలుగింతలు ఖర్చయింది. రబ్బరు మ్యాటు నేను తీసి పారేశాను.

సరస్సు దారిన వెళ్ళొచ్చిన ప్రతిసారీ బండి అడుగు భాగాన్ని మంచినీళ్ళతో కడగమని భాయ్ మరీ మరీ చెప్పాడు. వేసవిలో మంచినీళ్ళ కోసం బిందెలు వరస పెట్టే ఇల్లు మాది. స్కూటరుకు బకెట్టు నీళ్ళా అని మావారు, అవును స్కూటరుకే అని అత్తగారు.