విడాకులైనా పాలసీలో పాత పేరే ఉందా? బీమా డబ్బు ఎవరికి దక్కుతుందంటే..

పెళ్లయిన కొత్తలో ఎల్ఐసీ పాలసీ తీసుకుని భార్యను నామినీగా పెట్టారు. కొన్నేళ్లకు విడాకులయ్యాయి. మళ్లీ పెళ్లి చేసుకున్నారు. పాలసీలో పేరు మార్చడం మాత్రం మర్చిపోయారు. అనుకోకుండా ఆయన చనిపోతే ఆ డబ్బు ఎవరిది? మాజీ భార్యదా? రెండో భార్యదా? చాలా కుటుంబాలు కోర్టు మెట్లెక్కేది సరిగ్గా ఇక్కడే.

విడాకులతో నామినేషన్ రద్దవుతుందా?

అవదు. కోర్టు డిక్రీ ఇచ్చినంత మాత్రాన పాలసీలో పేరు దానంతటదే మారిపోదు. బీమా చట్టం-1938లోని సెక్షన్ 39 ప్రకారం పాలసీదారే మార్చుకోవాలి. ఆ మార్పును రాతపూర్వకంగా కంపెనీకి తెలపాలి. వీలునామాలో రాసినా సరే, కంపెనీకి సమాచారం వెళ్లకపోతే రికార్డుల్లో ఉన్న నామినీకే డబ్బు ఇచ్చేస్తారు. అలా ఇచ్చాక కంపెనీ బాధ్యత తీరిపోయినట్టే.

నామినీ అంటే యజమానేనా?

నామినీ డబ్బు తీసుకునే వ్యక్తి మాత్రమేనని, దానిపై హక్కు వారసులదేనని సుప్రీంకోర్టు 1984లో తీర్పిచ్చింది. 2015 సవరణతో పరిస్థితి కొంత మారింది. తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలను నామినీగా పెడితే ఆ డబ్బుపై వాళ్లకే హక్కు ఉంటుందని చట్టంలో చేర్చారు. మరి విడాకులయ్యాక ‘జీవిత భాగస్వామి’ అనొచ్చా? గొడవంతా ఈ మాట దగ్గరే.

హిందూ వారసత్వ చట్టం-1956 ప్రకారం విడాకులు తీసుకున్న భార్య వారసురాలు కాదు. కొడుకులు, కూతుళ్లు, తల్లి, చనిపోయే నాటికి ఉన్న భార్య మొదటి తరగతి వారసులు. తల్లిదండ్రులు విడిపోయినా పిల్లల హక్కు ఎక్కడికీ పోదు.

ఈ పాలసీలు వేరు

వివాహిత మహిళల ఆస్తి చట్టం-1874 కింద భర్త తన పేరిట తీసుకున్న పాలసీ భార్యాపిల్లల కోసం ట్రస్టుగా ఉంటుంది. దీనికి సెక్షన్ 39 వర్తించదు. తర్వాత భర్త తన ఇష్టం వచ్చినట్టు పేర్లు మార్చలేడు. కాబట్టి విడాకుల ముందే పాలసీ బాండ్ తీసి చూసుకోవాలి.

ఏం చేయాలి?

* విడాకులు ఖరారు కాగానే ప్రతి పాలసీలో నామినీ పేరు చెక్ చేసుకోండి. మార్చినట్టు కంపెనీ ఇచ్చే ధ్రువీకరణను దాచుకోండి.
* ఆఫీసులో ఇచ్చే గ్రూప్ ఇన్సూరెన్స్, ఈపీఎఫ్ నామినేషన్లు వేరు. వాటిని విడిగా మార్చుకోవాలి.
* మైనర్ పిల్లలను నామినీగా పెడితే వాళ్ల తరఫున డబ్బు తీసుకునే అపాయింటీ ఎవరో కూడా చూసుకోండి. చాలామంది ఆ కాలమ్‌లో మాజీ భాగస్వామి పేరే వదిలేస్తుంటారు.
* పిల్లల పోషణ కోసం పాలసీ కొనసాగాలనుకుంటే పరస్పర అంగీకార విడాకుల ఒప్పందంలోనే ఆ షరతు రాయించుకోవాలి. ప్రీమియం ఎవరు కట్టాలి, నామినీ ఎవరు అన్నది స్పష్టంగా ఉండాలి. నోటి మాట కోర్టులో నిలబడటం కష్టం.

భార్య తీసుకున్న పాలసీలో మాజీ భర్త నామినీగా ఉన్నా నామినేషన్ రూల్ ఇదే. ఒక్క ఫారం నింపితే పోయే పనిని వాయిదా వేస్తే, ఆ భారం చివరికి పిల్లల మీదే పడుతుంది.